ఉద్దానంలో ముగ్గురు కొత్తవాళ్ళు: ఒక శ్రవ్యనాటకం పని డైరీ

తెలుగులో సైన్స్ ఫిక్షన్ శ్రవ్యనాటకం చేయదలచుకున్నవారికి నా లెక్కలూ, నా పొరపాట్లూ పనికివస్తాయని ఈ డైరీ రాస్తున్నాను. నాటకం మొత్తం ఆరు భాగాలు. ఇక్కడ రాసినదంతా మొదటి భాగానికి సంబంధించినది.

కథ క్లుప్తంగా ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉండిపోయాయి. ఆ గందరగోళంలో వేరే లోకం నుంచి వచ్చిన ముగ్గురు మనుషుల రూపంలో ఒక ఊరు చేరి, నీళ్ళ పరీక్షలకు వచ్చామని చెప్పి ఇల్లు అద్దెకు తీసుకుంటారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎందుకింతగా ఉందో తేల్చడానికి ఏళ్ళ తరబడి బృందాలు వచ్చి నీళ్ళూ రక్తమూ పట్టుకెళ్ళాయి కాబట్టి ఆ అబద్ధం అక్కడ సులువుగా చెల్లుతుంది. అలా వచ్చిపోయేవాళ్ళతో ఊరివాళ్ళు విసిగిపోయి ఉన్నారు కాబట్టి ఆ అబద్ధమే వాళ్ళ మీదికి అనుమానాన్ని కూడా తెస్తుంది.

దశ 1: స్క్రిప్టు (1 నుంచి 5 వారాలు)

మొదటి ప్రతి 34 పేజీలు వచ్చింది. గట్టిగా చదువుతూ గడియారం పెట్టి చూస్తే పేజీకి సగటున 65 సెకన్లు పట్టింది, అంటే మొత్తం 36 నిమిషాల 50 సెకన్లు. నేను అనుకున్న నిడివి 22 నిమిషాలు. కాబట్టి 14 పేజీలు తీసేయవలసి వచ్చింది. తీసిన వరుస ఇది.

1. కథకుడి మాటలు, 6 పేజీలు. "వీళ్ళు మనుషులు కారు" అని కథకుడు మొదటి నిమిషంలోనే చెప్పేస్తే వినేవాడికి కనిపెట్టడానికి ఇంకేమీ మిగలదు.
2. వచ్చినవాళ్ళు తమ యంత్రం ఎలా పనిచేస్తుందో ఒకరికొకరు వివరించుకునే దృశ్యం, 4 పేజీలు. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఇద్దరూ చెప్పుకోరు.
3. తుఫాను రాత్రి దృశ్యంలో సగం, 4 పేజీలు. గాలి హోరులో మాటలు వినపడవన్నది ఆ తర్వాత రికార్డింగులోనూ రుజువైంది.

విజ్ఞానశాస్త్రం వైపు రెండు తప్పులు దొర్లాయి, రెండూ ఒకే ప్రశ్న దగ్గర దొర్లాయి. వీళ్ళకు తెలుగు ఎలా వచ్చింది? చంద్రుడి అవతలి వైపు దాక్కుని మన రేడియో వింటూ నేర్చుకున్నారని మొదట రాశాను. చంద్రుడి అవతలి వైపుకు భూమి నుంచి వెళ్ళే రేడియో తరంగాలను చంద్రుడే అడ్డుకుంటాడు కాబట్టి దాక్కోవడానికి అది మంచి చోటే కానీ వినడానికి పనికిరాదు. రెండోది, వాళ్ళు విన్నది మీడియం వేవ్ ప్రసారాలని రాశాను. మీడియం వేవ్ తరంగాలను పగలు పై వాతావరణంలోని అయనీకరణ పొర పీల్చేస్తుంది, రాత్రి వెనక్కి కిందికి పంపుతుంది. అందుకే రాత్రిళ్ళు దూరపు స్టేషన్లు వినిపిస్తాయి. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఎఫ్ఎం తరంగాలు మాత్రం ఆ పొరను దాటి బయటికి పోతాయి. కాబట్టి వాళ్ళను భూమి చుట్టూ ఎత్తైన కక్ష్యలో ఉంచి, ఎఫ్ఎంలో వచ్చే వార్తలు విని తెలుగు నేర్చుకున్నట్లు మార్చాను. ఈ దిద్దుబాటు కథకు చాలా మేలు చేసింది. వార్తల తెలుగు నేర్చినవాడు ఉద్దానం వచ్చి "నీటి నమూనాలను సేకరించేందుకు వచ్చాం" అంటాడు. అరుగు మీద కూర్చుని అలా మాట్లాడే మనిషి ఎక్కడా ఉండడు.

మూడో లోపం కథలోనిది. ఊరివాళ్ళు ఊరికే అనుమానిస్తున్నట్లు రాశాను. చదివినవారు "వీళ్ళంత చెడ్డవాళ్ళేమిటి?" అన్నారు. అనుమానానికి కారణం ఉండాలి, అది ఆ ఏడాదిలోనే ఉంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకాయి. దారిన పోయే అమాయకులను పట్టుకుని కొట్టారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టింది ఆ జులైలోనే. నా నాటకంలోని ఊరు అయిదు నెలల కిందట ఆ సందేశాలు చూసిన ఊరు. వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన సెల్లులో ఆ పుకారు వీడియో ఒకటి ఇంకా ఉంది. ఈ ఒక్క వాక్యం చేర్చాక అతని ప్రశ్నలన్నీ భయంతో అడిగినవిగా వినపడ్డాయి. నేను ఈ నాటకం చేస్తున్నది ఆ భయం కోసమే. తుఫానులో సర్వం పోగొట్టుకున్నవాళ్ళు కొత్తవాడిని చూసి భయపడటాన్ని నేను తప్పుపట్టలేను, ఆ భయం ఒక మనిషిని ఏం చేయగలదో చూపించకుండానూ ఉండలేను.

అనుమానపు దృశ్యాన్ని ఏడుసార్లు తిరగరాశాను. నిలిచిన రూపం ఇది.

"ఏ ఊరు బాబూ మీది?"
"మాది విశాఖపట్నం."
"ఇసాపట్నంలో ఎక్కడ?"
"విశాఖపట్నంలో ద్వారకానగర్."
"మరి మీవోళ్ళెవరూ ఇటేపు లేరేటి?"
"లేరు."

ఇందులో వచ్చినవాడు చేసే తప్పు జవాబులు పూర్తిగా చెప్పడమే. మనలో ఎవరిని "ఎవరి తాలూకు?" అని అడిగినా సగం చెప్పి, "మీకు ఫలానావాళ్ళు తెలుసా?" అని ఎదురు ప్రశ్న వేస్తాం. అలా రెండు ప్రశ్నలు అటూ ఇటూ నడిస్తే ఏదో ఒక చుట్టరికం బయటపడుతుంది, అనుమానం సగం తీరుతుంది. వీళ్ళు ముగ్గురూ మొదటి భాగమంతటిలో ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయరు, ఎవరినీ వరస పెట్టి పిలవరు. స్క్రిప్టులో వాళ్ళ మాటలను ఎర్ర సిరాతో వెతికి, పొరపాటున రాసిన "అమ్మా", "బాబాయి"లు తొమ్మిది కొట్టేశాను.

ఇప్పటికి ఖర్చు: రూ. 420 (ప్రింటు కాగితాలు). గంటలు: 46. పూర్తయిన నిడివి: 0.

దశ 2: గది (6వ వారం)

విశాఖపట్నంలో నేనుండే ఇంట్లో చిన్న పడకగదిని ఎంచుకున్నాను. అది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. రికార్డింగుకు ఇంతకంటే చెడ్డ కొలతలు ఉండవని అప్పటికి నాకు తెలియదు. గది మూడు వైపులా ఒకే కొలత ఉంటే ఒకే స్వరం మూడు వైపులా ఒకేసారి పెరుగుతుంది. లెక్క తేలికే. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, గోడల మధ్య దూరం 3.05 మీటర్లు. వేగాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది, దాని రెట్టింపు 112. మగవారి గొంతు అడుగు స్వరం సరిగ్గా ఆ 112 పరిసరాల్లో ఉంటుంది. ఇంటాయన వేషం వేసినవారు మాట్లాడితే ప్రతి మూడో మాట బిందెలో మాట్లాడినట్లు గుమ్మని మోగింది.

ముందు చేసిన తప్పు పని, గోడలకు బొంతలను అంటించినట్లు కట్టడం. పై స్వరాల ప్రతిధ్వని పోయింది, ఆ గుమ్మనడం మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత చేసినవి ఇవి.

1. ప్లాస్టిక్ గొట్టాలతో చట్రాలు కట్టి బొంతలను గోడకు జానెడు ఎడంగా వేలాడదీశాను. వెనక గాలి ఉంటే బొంత ఇంకాస్త కింది స్వరాలను కూడా పీలుస్తుంది.
2. మైకును గది నడి మధ్య నుంచి తీసి, ఒక గోడకు రెండున్నర అడుగుల దూరంలో పెట్టాను. 112 హెర్ట్జ్ గది మధ్యలో అత్యంత బలంగా, గోడ నుంచి పావు వంతు దూరంలో అత్యంత బలహీనంగా ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పు బొంతలన్నిటి కంటే ఎక్కువ పనిచేసింది.
3. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాను. ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసినప్పుడు గది శబ్దం మైనస్ 48 డెసిబెల్స్ నుంచి మైనస్ 58కి దిగింది (రికార్డింగులో సున్నా గరిష్ఠం, మైనస్ ఎంత పెరిగితే శబ్దం అంత తక్కువ). బొంతల తర్వాత మైనస్ 59. బొంత ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ బయటి శబ్దాన్ని ఆపదు.
4. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపాను. అంతవరకు సన్నగా వినిపిస్తున్న 50 హెర్ట్జ్ హోరు ఆగిపోయింది.

నాలుగో అంశం నాకు చాలా ముఖ్యం. నా కథ జరిగే ఊళ్ళో కరెంటు లేదు. వెనక ఫ్రిజ్ హోరు ఒక్క క్షణం వినిపించినా కథ అబద్ధమైపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఊరి దృశ్యాలన్నిటిలో 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర సన్నటి కోత పెట్టాలని ఈ దశలోనే రాసుకున్నాను.

కొన్నవి: వాడిన డైనమిక్ మైకులు రెండు రూ. 5,200, రెండు మైకులను కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ రూ. 9,800, తీగలు, స్టాండ్లు రూ. 2,150, గొట్టాలు, తాళ్ళు రూ. 1,340.

ఇప్పటికి ఖర్చు: రూ. 18,910. గంటలు: 60. పూర్తయిన నిడివి: 0.

దశ 3: గొంతులు మార్చడం (7, 8 వారాలు, మొత్తం వృథా)

వేరే లోకం మనుషుల గొంతు వేరుగా ఉండాలని ముందు నేనూ అనుకున్నాను. మూడు పద్ధతులు ప్రయత్నించాను. గొంతును మూడు స్వరాలు కిందికి దించడం, గొంతును 30 హెర్ట్జ్ స్వరంతో గుణించి వణికించడం, అదే గొంతును కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు కలపడం.

మాట స్పష్టత ఎంత పోతుందో కొలవడానికి 40 మాటల జాబితా రాశాను. కల, కళ, పాలు, పాళ్ళు, కాలు, కాళ్ళు వంటి జంటలు అందులో ఎక్కువ. అయిదుగురికి వినిపించి, విన్నది విన్నట్లు రాయమన్నాను. మామూలు గొంతులో సగటున 38 సరిగ్గా రాశారు. కిందికి దించిన గొంతులో 36, వణికించిన గొంతులో 26 వచ్చాయి. ల, ళ తేడా అన్నిటికంటే ముందు పోయింది.

స్పష్టత సంగతి అలా ఉంచితే, అసలు లోపం మా పిన్ని ఒక్క మాటలో చెప్పింది. "ఆ గొంతు విన్నాక కూడా ఇంటాయన ఇల్లు అద్దెకిచ్చాడంటే ఎలా నమ్మమంటావురా?"

ఆ ప్రశ్నకు జవాబు లేదు. తెర మీదైతే ప్రేక్షకుడికి ఒకటి చూపించి పాత్రకు దాచవచ్చు. శ్రవ్యనాటకంలో మనం వినేదే ఊరివాళ్ళూ వింటారు. వినేవాడికి తెలియాలి, ఊరికి తెలియకూడదు, ఇద్దరికీ ఉన్నది ఒకే చెవి. ఈ చిక్కు విడిపోతే తప్ప నాటకం లేదని అప్పుడు అర్థమైంది. ఆ రెండు వారాల ఫైళ్ళన్నీ పక్కన పెట్టేశాను.

తర్వాత ఇంకో దారి చూశాను. ఆ ముగ్గురి గొంతులను నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, గది ధ్వని అసలే లేకుండా రికార్డు చేసి, ఊరివాళ్ళ గొంతులకు మాత్రం గది ఉంచాను. విన్న ఆరుగురిలో నలుగురు అది పాత్ర మనసులో అనుకుంటున్న మాట అనుకున్నారు. దగ్గరి మైకు గొంతు లోపలి మాటలా వినిపిస్తుంది. ఆ పద్ధతిని కూడా వదిలేశాను, కాకపోతే మూడో భాగంలో ఒక స్వగతం ఉంది, అక్కడికి దాచుకున్నాను.

ఇప్పటికి ఖర్చు: రూ. 18,910. గంటలు: 91. పూర్తయిన నిడివి: 0.

దశ 4: ఉద్దానంలో శబ్దాలు (9వ వారం, మూడు రోజులు)

చేతిలో పట్టుకునే రికార్డరును స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుని పలాస వరకు రైల్లో, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాను. కావలసినవి జీడితోట గాలి, దూరపు సముద్రం, ఎండిన కొబ్బరిమట్టను నేల మీద ఈడ్చే చప్పుడు, రాత్రి కీచురాళ్ళు, ఇసుకలో నడక.

మొదటి రోజు 2 గంటల 40 నిమిషాలు రికార్డు చేశాను, అందులో పనికివచ్చింది 11 నిమిషాలు. తీరపు గాలి మైకు మీద నేరుగా కొట్టి అడుగు స్వరాలన్నిటినీ ముంచేసింది. రికార్డరుతో వచ్చిన స్పాంజి తొడుగు ఈ గాలికి ఏ మాత్రం చాలదు. రెండో రోజుకు బొచ్చు తొడుగు తెప్పించుకున్నాను, రూ. 650. దాంతో పాటు మూడు మార్పులు చేశాను.

1. రికార్డరును చేతిలో పట్టుకోకుండా నేల మీద తువ్వాలు మడతల్లో పెట్టాను. నేలకు దగ్గరగా గాలి వేగం తక్కువ.
2. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరింటికి ఆపేశాను. ఆ తర్వాత మోటారు సైకిళ్ళు, గుడి మైకు మొదలవుతాయి.
3. ప్రతి చోటా ఏ చప్పుడూ చేయకుండా మూడేసి నిమిషాల ఖాళీ ధ్వని విడిగా తీసుకున్నాను. తర్వాతి దశల్లో అన్నిటికంటే ఎక్కువ వాడినది ఇదే.

రెండో రోజు ఉదయం జరిగినది నాటకాన్ని మార్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నేల మీద ఏదో ఉంచి, కదలకుండా కూర్చున్న మనిషిని చూసి ఇద్దరు రైతులు ఆగారు. తోటలో ఏం చేస్తున్నానని అడిగారు. నేను ఊరు, పని, వచ్చిన కారణం వరుసగా, పూర్తిగా చెప్పాను. చెప్పిన కొద్దీ వాళ్ళ ముఖాలు బిగుసుకున్నాయి. సరిగ్గా నా నాటకంలో కొత్తవాడు చేసే తప్పే నేను చేస్తున్నానని ఆ క్షణంలో తెలిసింది. హెడ్‌ఫోన్లు తీసి ఒకాయన చెవులకు పెట్టాను. తన తోటలో గాలిని ఆయన చాలాసేపు విన్నాడు. "ఇదేటి బాబూ, ఇంత సప్పుడుందా?" అని రెండో ఆయనకు ఇచ్చాడు.

అప్పటికి ఒక ముసలమ్మ కూడా వచ్చి నిలబడింది. నా పక్కనున్న సంచీ వైపు చూసి, "నీళ్ళకొచ్చినావా బాబూ, రగతానికొచ్చినావా?" అంది.

ఆ ప్రశ్న వేసే ముందు ఆమె చీర కొంగుతో మోచేతి మడత కప్పుకుంది. సూది గుచ్చే చోటు అది. నేను ఏ పరీక్షలకూ రాలేదని చెప్పి, ఆ మాటను నాటకంలో వాడుకోవచ్చా అని అడిగాను. మాట వాడుకొమ్మంది, తన గొంతు మాత్రం పట్టుకోవద్దంది. ఆమె గొంతు ఒక్క సెకను కూడా నా దగ్గర లేదు. బొమ్మతో గానీ గొంతుతో గానీ ఇలాంటి పని చేసేవాళ్ళు ముందు అడగాలి, కాదంటే అక్కడితో ఆపేయాలి. మొదటి భాగం ఇప్పుడు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఇప్పటికి ఖర్చు: రూ. 22,420 (ప్రయాణం, బస, భోజనం రూ. 2,860 కలిపి). గంటలు: 118. పనికివచ్చే ఊరి శబ్దాలు: 64 నిమిషాలు. పూర్తయిన నిడివి: 0.

దశ 5: నటులు (10, 11 వారాలు)

నటులు అయిదుగురు. ఇంటాయన వేషానికి వచ్చినవారు పద్యనాటకాల్లో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. మైకు లేకుండా చివరి వరసకు వినిపించే గొంతు ఆయనది. మామూలు మాటకు మైనస్ 18 డెసిబెల్స్ వచ్చేలా మైకు పెట్టాను, ఆయన కోపపు మాట సున్నాను తాకి పగిలిపోయింది. మైకు స్థాయి తగ్గిస్తే నెమ్మది మాటలు గది శబ్దంలో కలిసిపోయాయి. "తగ్గించి మాట్లాడండి మాస్టారూ" అని నాలుగుసార్లు అడిగాను, ఆయన నాలుగుసార్లూ ప్రయత్నించారు, గొంతు తగ్గితే పాత్ర కూడా తగ్గిపోయింది. చివరికి ఆయన సెల్‌ఫోన్ చేతికిచ్చి, మనవరాలితో మాట్లాడుతున్నట్లు చెవి దగ్గర పెట్టుకుని చెప్పమన్నాను. మొదటిసారికే దృశ్యం వచ్చింది. కోపం అంతా ఉంది, గొంతు లేవలేదు. అనుమానించే మనిషి అరవడని, అడిగిన ప్రశ్నే మెల్లగా మళ్ళీ అడుగుతాడని అది విన్నాక మా అందరికీ తెలిసింది.

ఒక పెద్ద పొరపాటు చేశాను. ఎదురెదురుగా కూర్చుంటే నటన బాగుంటుందని ఇద్దరిద్దరిని ఒకేసారి రికార్డు చేశాను. నటన నిజంగానే బాగా వచ్చింది. నోటికీ మైకుకూ మధ్య దూరానికి మూడు రెట్లు ఉండాలి రెండు మైకుల మధ్య దూరం, నేను జానెడుకు మూడు జానలు పెట్టాను, ఆ లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఒకరి శ్వాస ఇంకొకరి మైకులో సన్నగా పడింది. మామూలు నాటకానికి అది లోపమే కాదు. తర్వాతి దశలో చెప్పబోయే కారణం వల్ల నా నాటకానికి అది ప్రాణాంతకమైంది. కొత్తవాళ్ళ ముగ్గురి మాటలన్నీ మళ్ళీ విడిగా రికార్డు చేయవలసి వచ్చింది. ఎదుటివారి మాటలను నటుడికి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తూ చేయించాను.

ఇప్పటికి ఖర్చు: రూ. 31,120 (నటులకు ఒక్కొక్కరికి రూ. 1,500, టిఫిన్లు, ఆటోలు రూ. 1,200). గంటలు: 130. పూర్తయిన నిడివి: 0.

దశ 6: ఊపిరి (12, 13 వారాలు)

పిన్ని వేసిన ప్రశ్నకు జవాబు ఈ దశలో దొరికింది, అదీ వేరే పని చేస్తుండగా. ఒక నటుడి శ్వాస చప్పుడు మరీ గట్టిగా ఉందని ఒక వాక్యంలో దాన్ని తీసేసి, ఆ చోట గది ఖాళీ ధ్వని నింపాను. వాక్యాన్ని మళ్ళీ విన్నాను. తప్పు ఏమీ లేదు, అయినా వినబుద్ధి కాలేదు. మనిషి మాట్లాడుతున్నాడు, మధ్యలో ఆగుతున్నాడు, గాలి మాత్రం పీల్చడం లేదు.

ఆ ముగ్గురూ శ్వాస తీసుకోరు. చూసేవారికి అనుమానం రాకుండా ఛాతీ కదిలిస్తారు, చప్పుడు మాత్రం రాదు. వినేవాడి చెవికీ ఊరివాళ్ళ చెవికీ ఇది సమానంగానే అందుతుంది కాబట్టి మోసం ఏమీ లేదు, కానీ ఎవరూ దాన్ని వెంటనే పట్టుకోలేరు.

పద్ధతి ఇది. ఆడాసిటీలో చేశాను, ఏ ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లోనైనా చేయవచ్చు.

1. ముగ్గురి మాటల నిడివి మొత్తం 7 నిమిషాల 10 సెకన్లు. అందులో శ్వాసలు 118 ఉన్నాయి. ఒక్కొక్కటి పావు సెకను నుంచి అర సెకనుకు పైగా ఉంది.
2. శ్వాసను కత్తిరించి మాటలను దగ్గరికి జరపకూడదు. మొదట అలాగే చేశాను, ఎడిటింగులో తొందర పడినట్లు వినిపించింది. ఆగే కాలం అలాగే ఉండాలి, అందులో గాలి మాత్రం ఉండకూడదు.
3. శ్వాస చోట పూర్తి నిశ్శబ్దం పెట్టకూడదు. చెవికి గుంత తగిలినట్లుంటుంది. అదే గదిలో అదే రోజు తీసిన ఖాళీ ధ్వనిని నింపాలి.
4. అతుకు రెండు వైపులా 10 నుంచి 20 మిల్లీసెకన్ల మేర ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా కలపాలి.

ఇక్కడ స్క్రిప్టు మళ్ళీ మారింది. పొట్టి వాక్యాల్లో శ్వాస ఉన్నా లేకపోయినా తెలియదు. అందుకని ప్రతి దృశ్యంలోనూ కొత్తవాళ్ళకు ఒక్క పొడుగు వాక్యం ఇచ్చాను, ఎక్కడా ఆగకుండా 15 సెకన్లకు పైగా నడిచేది. వార్తల తెలుగు నేర్చుకున్నవాళ్ళు కాబట్టి పొడుగు వాక్యం వాళ్ళ నోట సహజంగానే ఇమిడింది. అంత పొడుగు వాక్యాన్ని నటుడు ఒక్క ఊపిరిలో చెబితే చివర గొంతు బలహీనపడుతుంది. రెండు ముక్కలుగా చెప్పించి అతికించాను. అతకడానికి ఎక్కడ కోయాలన్న దాని మీద రెండు రోజులు పోయాయి. అచ్చు మధ్యలో కోస్తే స్వరం మెట్టు దిగినట్లు తెలిసిపోతుంది. మాటల మధ్య కోస్తే ఆగినట్లుంటుంది. చివరికి ద్విత్వాక్షరం దొరికింది. "పట్టుకున్నాం" అన్న మాటలో "ట్ట" దగ్గర నాలుక అంగిలికి అంటి గాలి పూర్తిగా ఆగుతుంది, సుమారు 100 మిల్లీసెకన్ల పాటు తెర మీద గీత దాదాపు చదునుగా ఉంటుంది. ఆ చదునులో కోసి అతికిస్తే ఎవరికీ తెలియదు. తెలుగులో ద్విత్వాలకు కొదవ లేదు. పొడుగు వాక్యాల నడుమ "పట్టు", "చెప్పి", "ఎత్తు", "నొక్కి" వంటి మాటలు వచ్చేలా తిరగరాసి ఆ నాలుగు వాక్యాలను నటులతో మళ్ళీ చెప్పించాను.

పరీక్ష: తొమ్మిది మందికి ఏమీ చెప్పకుండా వినిపించాను. ఏడుగురు "ఆ ముగ్గురితో ఏదో తేడా ఉంది" అన్నారు, ఒక్కరు కూడా అది శ్వాస అని చెప్పలేదు. నలుగురు వాళ్ళు మరీ మర్యాదగా మాట్లాడుతున్నారన్నారు, ఇద్దరు వాళ్ళకు జాలి లేదనిపించిందన్నారు. ఇంటాయన పట్ల ఎవరికీ చులకన కలగలేదు.

కనిపెట్టేది ఎవరన్న ప్రశ్నకు కూడా దీనితోనే జవాబు వచ్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిన అవ్వ కనిపెడుతుంది. ఆమెకు ముఖాలు కనిపించవు, కదిలే ఛాతీ కనిపించదు. చివరి దృశ్యంలో కొత్తవాడు ఆమె పక్కన అరుగు మీద కూర్చుని నీళ్ళ గురించి పొడుగు వాక్యం ఒకటి చెబుతాడు. అవ్వ కొంతసేపు ఊరుకుని, "మాటాడేవోడు మాట మద్దెన ఊపిరి పీలుస్తాడు. నువ్వు పీల్సవేటి బాబూ?" అంటుంది. ఆ మాట తర్వాత ఎనిమిది సెకన్ల పాటు కీచురాళ్ళు తప్ప ఏమీ ఉంచలేదు. ఆ ఎనిమిది సెకన్లలో అవ్వ శ్వాస రెండుసార్లు వినిపిస్తుంది.

నటుల శ్వాసలు ఒకరి మైకులో ఇంకొకరివి పడటం ఎందుకు ప్రాణాంతకమో ఇప్పుడు తెలుస్తుంది. అవ్వ మైకులో కొత్తవాడి శ్వాస సన్నగా మిగిలి ఉన్న మొదటి రికార్డింగును అలాగే ఉంచి ఉంటే ఈ దృశ్యం లేదు.

ఇప్పటికి ఖర్చు: రూ. 31,120. గంటలు: 147. పూర్తయిన నిడివి: 9 నిమిషాలు.

దశ 7: హోరు, మిక్సింగు (14 నుంచి 16 వారాలు)

కొత్తవాళ్ళ ఇంట్లో ఒక యంత్రం నడుస్తుంటుంది. ఊళ్ళో కరెంటు లేనప్పుడు ఆ ఇంట్లో మాత్రం హోరు వినిపిస్తుంది. పిల్లలు తలుపు కొట్టి "సెల్లు చార్జింగెట్టుకోవచ్చా?" అని అడగడంతో ఊరి అనుమానం మొదలవుతుంది.

ఆ హోరు కోసం మా పిండి గ్రైండరును రికార్డు చేశాను. నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే రెండు స్థాయిలు కిందికి దిగి గంభీరంగా ఉంటుందనుకున్నాను, పైన వివరాలు పోకూడదని 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96 వేల సార్లు ధ్వనిని కొలిచేలా, రికార్డు చేశాను. అందులో రెండు తప్పులున్నాయి. మైకు 20 కిలోహెర్ట్జ్ పైన ఏమీ పట్టదు కాబట్టి నాలుగో వంతు వేగంలో 5 కిలోహెర్ట్జ్ పైన అంతా ఖాళీ అయింది. మోటారు అసలు హోరు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది 25కి దిగి వినపడకుండా పోయింది. చివరికి వేగాన్ని 73 శాతానికి మాత్రమే తగ్గించాను. 100 హెర్ట్జ్ 73కి వచ్చింది. మన కరెంటు స్వరాలైన 50, 100, 150లలో దేనికీ చెందని హోరు అది, కాబట్టి ఊరి దృశ్యాలకు పెట్టిన కోతలు దాన్ని తాకవు.

ఫోన్ స్పీకరులో 73 హెర్ట్జ్ అసలు వినపడదు, మన శ్రోతల్లో ఎక్కువమంది వినేదేమో ఫోన్‌లోనే. హోరును కొద్దిగా పగిలేలా చేసి దానికి 146, 219, 292 హెర్ట్జ్‌ల పై స్వరాలు పుట్టించాను. పై స్వరాలు వినపడితే అడుగు స్వరాన్ని చెవి తానే ఊహించుకుంటుంది.

తుది కొలతలు:

1. మొత్తం బిగ్గరతనం మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనానికి కొలమానం), స్టీరియో. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటలేదు.
2. మాటలకు 80 హెర్ట్జ్ కింద కోత.
3. ఊరివాళ్ళ శ్వాసలను రెండు డెసిబెల్స్ పెంచాను. పక్కన మనుషుల ఊపిరి ఉంటేనే ఊపిరి లేని మనిషి తెలుస్తాడు.
4. యాంత్రికంగా శబ్దం తగ్గించే ఫిల్టరును రెండుచోట్ల వాడి, రెండుచోట్లా తీసేశాను. అది గది ఖాళీ ధ్వనిని బుడగలు బుడగలుగా చేసింది. ఖాళీ ధ్వని మీదే ఆధారపడిన నాటకంలో అది కుదరదు.

మొదటి మిక్స్‌ను నడుస్తున్న ఆటోలో ఫోన్ మీద విన్నాను. అవ్వ చివరి మాట వినిపించింది, తర్వాతి ఎనిమిది సెకన్లు ఆటో చప్పుడులో పూర్తిగా పోయాయి. కీచురాళ్ళను మూడు డెసిబెల్స్, అవ్వ శ్వాసను అయిదు డెసిబెల్స్ పెంచి మళ్ళీ అదే దారిలో విన్నాను. శ్వాస రెండుసార్లూ వినిపించింది.

ఇప్పటికి ఖర్చు: రూ. 35,020 (రికార్డింగులు దాచడానికి హార్డ్ డిస్కు రూ. 3,900). గంటలు: 176. పూర్తయిన నిడివి: 21 నిమిషాల 40 సెకన్లు. అంటే ఒక్కో నిమిషానికి ఎనిమిది గంటల పని పట్టింది.

రెండో భాగానికి రాసుకున్న పనులు:

1. కొత్తవాళ్ళ మాటలను మొదటి రోజు నుంచే విడిగా రికార్డు చేయాలి.
2. పొడుగు వాక్యాల్లో అతుకు పడే ద్విత్వాక్షరాన్ని స్క్రిప్టులోనే గుర్తు పెట్టి నటులకు ఇవ్వాలి.
3. కొత్తవాళ్ళలో ఒకడు రెండో భాగంలో మొదటిసారి ఎదురు ప్రశ్న వేస్తాడు, అవ్వను "అవ్వా" అని పిలుస్తాడు. ఆ పిలుపుకు ముందు అతనికి ఒక్క శ్వాస ఉంచాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి రెండు రకాలుగానూ రికార్డు చేయాలి.